ఉబుంటు సర్వర్లకు ఆటోమేటిక్ అప్‌డేట్లు: సొంత స్క్రిప్టా, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్సా, ఆన్సిబులా?

కొన్నేళ్ల క్రితం నేను చూసుకునే ఒక సర్వర్‌లో మూడు వారాల పాటు అప్‌డేట్లు సరిగ్గా పడలేదు. పడుతున్నాయనే అనుకున్నాను. రాత్రి రెండింటికి క్రాన్ (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపే ఏర్పాటు) నడిపే స్క్రిప్ట్ రాసింది నేనే. నాలుగే లైన్లు. ప్యాకేజ్ మేనేజర్ అయిన ఆప్ట్-గెట్‌తో జాబితా తాజా చేసే అప్‌డేట్, ఆ తర్వాత ‘-వై’ పెట్టి కొత్త వెర్షన్లు వేసే ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్, అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్, చివర్న లాగ్‌లో ‘అయిపోయింది’ అని రాసే ఒక ఎకో. రోజూ పొద్దున్నే లాగ్‌లో ఆ చివరి లైన్ చూసి, బాగానే ఉంది అనుకుని వేరే పనిలో పడేవాణ్ణి.

ఒకరోజు ఇంకేదో వెతుకుతూ ఆ లాగ్‌ని పైకి జరిపితే అసలు సంగతి బయటపడింది. మేం చేత్తో మార్చుకున్న ఒక ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) కాన్ఫిగ్ ఫైల్ దగ్గర, ఆప్ట్ కింద అసలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆగిపోయింది. ‘ఈ ఫైల్‌ని మీరు మార్చారు, ప్యాకేజ్ తయారుచేసినవాళ్లు కూడా కొత్త ఫైల్ పంపారు, ఏం చేయమంటారు?’ అని అడుగుతోంది. వై లేదా ఐ నొక్కితే కొత్త ఫైల్, ఎన్ లేదా ఓ నొక్కితే మన పాత ఫైలే, డి అంటే తేడా చూపిస్తుంది, జెడ్ అంటే షెల్ తెరుస్తుంది. రాత్రి రెండింటికి నొక్కడానికి ఎవరున్నారు? క్రాన్‌కి కీబోర్డే లేదు. జవాబు రాకపోయేసరికి డీపీకేజీ ఎర్రర్ ఇచ్చి, ఆ ప్యాకేజీని సగంలో వదిలేసింది. మర్నాటి రాత్రీ అదే ప్రశ్న, అదే ఎర్రర్. ఎకో మాత్రం రోజూ ‘అయిపోయింది’ అని రాస్తూనే ఉంది.

‘-వై’ పెడితే అన్నిటికీ ఎస్ చెప్పినట్టే అని నేను నమ్మాను. అది ఎస్ చెప్పేది ‘ఇన్ని ఎంబీ డౌన్‌లోడ్ అవుతుంది, కొనసాగించమంటారా’ లాంటి ఆప్ట్ ప్రశ్నలకే. లోపల డీపీకేజీ అడిగే ప్రశ్న వేరు, ప్యాకేజ్ ఇన్‌స్టాల్ అవుతూ డెబ్‌కాన్ఫ్ (ప్యాకేజీలు సెట్టింగులు అడిగే ఏర్పాటు) ద్వారా అడిగే ప్రశ్న వేరు. ఆ రెంటికీ ‘-వై’తో సంబంధం లేదు.

ప్యాకేజ్ మేనేజర్‌ని ఆటోమేట్ చేయడమంటే కమాండ్‌ని టైమ్‌కి నడపడం కాదు. అది అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసి పెట్టడం. సొంత స్క్రిప్ట్, ఉబుంటుతోనే వచ్చే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, చాలా మెషీన్లను ఒకచోటి నుంచి సర్దే ఆన్సిబుల్, ఈ మూడూ లోపల చేయించేది అదే ఆప్ట్, అదే డీపీకేజీ చేత. జవాబు ఎవరిస్తారు, ఎక్కడ రాసి ఉంటుంది, జవాబు లేనప్పుడు ఏం జరుగుతుంది అన్నదే వీటి మధ్య తేడా. మీ పనికి ఏది సరిపోతుందో ఆ కోణంలోనే చూద్దాం.

ముందు చిన్న విషయం: ఆప్టా, ఆప్ట్-గెట్టా

ఆప్ట్-గెట్ పాతది, 1999లో, ఉబుంటుకి మూలమైన డెబియన్ 2.1తో వచ్చింది. ఉత్తి ‘ఆప్ట్’ అనే కమాండ్ 2014లో వచ్చింది. రంగులు, ప్రోగ్రెస్ బార్, తక్కువ టైపింగ్, అన్నీ కూర్చుని పనిచేసే మనిషి కోసం. దాని అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి గానీ ఇంకో కమాండ్‌కి గానీ మళ్లిస్తే, ఈ కమాండ్ తీరు మారవచ్చు, స్క్రిప్టుల్లో జాగ్రత్త అని అదే హెచ్చరిస్తుంది. కాబట్టి స్క్రిప్టులో ఆప్ట్-గెట్, చేత్తో కొట్టేటప్పుడు ఆప్ట్. ఇందులో చర్చ అక్కర్లేదు.

ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. రెంటిలోనూ అప్‌గ్రేడ్ అనే మాట ఉంది, అర్థం ఒకటి కాదు. ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీలు వేయదు, ఉన్నవి తీయదు. ఆప్ట్ అప్‌గ్రేడ్ తీయదు గానీ, అవసరమైతే కొత్తవి వేస్తుంది. ఉబుంటులో కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) కొత్త పేరున్న ప్యాకేజీగా వస్తుంది. అందుకే ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ మీదే ఆధారపడిన సర్వర్లలో కెర్నల్ నెలల తరబడి ‘కెప్ట్ బ్యాక్’ (వేయకుండా ఆపి ఉంచినవి) జాబితాలో ఉండిపోతుంది. దానికి ‘విత్-న్యూ-పీకేజీస్’ అనే ఆప్షన్ ఉంది, అది కలపండి. అవసరమనుకుంటే ప్యాకేజీలు తీసేసే డిస్ట్-అప్‌గ్రేడ్‌ని మాత్రం మనిషి చూడని చోట ‘-వై’తో నడపవద్దు.

సొంత స్క్రిప్ట్

మెషీన్లు ఒకటో రెండో ఉండి, అప్‌డేట్‌కి ముందూ తర్వాతా మీదైన పని ఏదైనా ఉంటే స్క్రిప్ట్ మంచిది. డేటాబేస్ డంప్ తీసి, అప్‌డేట్ చేసి, సైట్ తెరుచుకుంటోందో చూసి, లేకపోతే మెసేజ్ పంపాలి అనుకోండి. ఆ వరుసను షెల్‌లో రాసినంత తేలిగ్గా ఇంకెక్కడా రాయలేం. అయితే జవాబులన్నీ మీరే రాయాలి.

డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలకు జవాబు, డెబియన్ ఫ్రంటెండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ‘నాన్‌ఇంటరాక్టివ్’ అని పెట్టడం. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ తర్వాత సుడోతో, అంటే రూట్ (అడ్మిన్) అధికారంతో, ఆప్ట్-గెట్ నడుపుతారు. మామూలు సెటప్‌లో సుడో బయటి వేరియబుల్స్‌ని లోపలికి రానివ్వదు. వేరియబుల్‌ని సుడో తర్వాత రాయాలి, లేదా స్క్రిప్ట్ మొత్తాన్ని రూట్‌గా నడపాలి.

కాన్ఫిగ్ ఫైల్ ప్రశ్నకు జవాబు డీపీకేజీ ఆప్షన్లలో ఉంటుంది. ‘ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్’, ‘ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్’ రెండూ కలిపి ఇవ్వాలి. డిఫాల్ట్ జవాబు ఉంటే అది తీసుకో, లేకపోతే నా పాత ఫైలే ఉంచు అని వాటి అర్థం. కొత్త ఫైల్ పోదు, పక్కనే ‘డీపీకేజీ-డిస్ట్’ అనే తోకతో ఉంటుంది. నెలకోసారి ఈటీసీ డైరెక్టరీలో ఆ తోక ఉన్న ఫైళ్లు వెతికి, డిఫ్ తీసి చూడండి. మీరు పాత కాన్ఫిగ్‌నే పట్టుకుని కూర్చున్నప్పుడు, కొత్త వెర్షన్‌కి అవసరమైన సెట్టింగ్ ఏదో ఆ పక్క ఫైల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు.

తర్వాత లాక్. ఒకే సమయంలో రెండు ప్రోగ్రాములు ప్యాకేజీలు మార్చకుండా డీపీకేజీ తాళం వేస్తుంది. కొత్త క్లౌడ్ మెషీన్ పైకి రాగానే మీ స్క్రిప్ట్ నడిస్తే, సరిగ్గా అప్పుడే ఉబుంటు సొంత అప్‌డేట్ కూడా నడుస్తూ ఉండవచ్చు. ఆప్ట్-గెట్ ఆగకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఆ లాక్ ఫైల్ డిలీట్ చేసేయమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అవతల ఒకరు రాస్తున్న డేటాబేస్‌లో మీరూ చేయి పెట్టినట్టవుతుంది, అది చెడితే బాగుచేయడానికి ఒక పూట పోతుంది. ఉబుంటు 20.04 నుంచి ‘డీపీకేజీ లాక్ టైమ్‌అవుట్’ అనే ఆప్షన్ ఉంది. దానికి 300 అని ఇస్తే తాళం తెరుచుకునే దాకా ఐదు నిమిషాల వరకు ఓపిగ్గా చూస్తుంది. ఈ ఒక్క ఆప్షన్ నాకు తప్పించిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

క్రాన్‌లో పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) సంగతి కూడా ఉంది. రూట్ సొంత క్రాన్‌టాబ్‌లో పెట్టిన జాబ్‌కి పాత్‌లో ఎస్‌బిన్ డైరెక్టరీలు ఉండవు. డీపీకేజీకి కావలసిన ఎల్‌డీకాన్ఫిగ్ లాంటివి అక్కడే ఉంటాయి. చేత్తో నడిపితే చక్కగా పనిచేసిన స్క్రిప్ట్ క్రాన్‌లో పడిపోవడానికి తరచూ ఇదే కారణం. స్క్రిప్ట్ మొదట్లోనే పూర్తి పాత్ రాసేయండి.

ఇక నన్ను మూడు వారాలు మోసం చేసిన విషయం. ఎర్రర్ వస్తే ఆప్ట్-గెట్ 100 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. నా స్క్రిప్ట్ దాన్ని చూడనే లేదు. మొదటి లైన్లో ‘సెట్ -ఈ’ ఉంటే ఎర్రర్ దగ్గరే ఆగిపోయేది, ఎకో దాకా వెళ్లేది కాదు. అదొక్కటే చాలదు కూడా. ఆప్ట్-గెట్ అప్‌డేట్ కొన్ని రిపోలు (ప్యాకేజీలు దొరికే చోట్లు) అందకపోయినా, పాత జాబితానే వాడుకుని, హెచ్చరిక మాత్రం చూపించి, 0 (అంటే సక్సెస్) ఇచ్చేస్తుంది. అంటే నెట్ సరిగా లేని రాత్రి కూడా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఉబుంటు 22.04 నుంచి ‘ఎర్రర్-ఆన్=ఎనీ’ అనే ఆప్షన్‌తో దాన్ని నిజమైన ఎర్రర్‌గా మార్చవచ్చు.

మెసేజ్ పద్ధతి కూడా తిప్పి పెట్టుకోండి. ఫెయిలైతే మెసేజ్ పంపడం కంటే, సక్సెస్ అయినప్పుడు పంపడం, అది రాని రోజు మనకు అలారం మోగడం నయం. మెషీనే ఆగిపోతే ఫెయిల్యూర్ మెసేజ్ పంపేదెవరు?

అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్

ఉబుంటు సర్వర్‌లో ఇది ముందే ఉంటుంది, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మీరేం చేయకపోయినా సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడుతుంటాయి. ఇదొక పైథాన్ స్క్రిప్ట్, దాన్ని టైమ్‌కి నడిపేది సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే భాగం) టైమర్లు. సెట్టింగులు ఆప్ట్ కాన్ఫిగ్ డైరెక్టరీలో 20, 50 అంకెలతో మొదలయ్యే రెండు ఫైళ్లలో ఉంటాయి.

ప్రశ్నల విషయంలో దీని తీరు నాకు చాలా నచ్చుతుంది. కాన్ఫిగ్ ఫైల్ ప్రశ్న వచ్చే ప్యాకేజ్ ఏదో ముందే చూసుకుని, దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఇది చేత్తో చేయాలి అని లాగ్‌లో రాసి, మిగతావి పూర్తి చేస్తుంది. తెలియని ప్రశ్నకు సొంతంగా జవాబు కల్పించదు, సగంలో ఇరుక్కోదు. నా నాలుగు లైన్ల స్క్రిప్ట్ చేయలేనిది ఇది ఏ సెట్టింగూ మార్చకుండానే చేస్తోంది. కాకపోతే ఆ పక్కన పెట్టిన ప్యాకేజ్ అక్కడే ఉంటుంది కాబట్టి, లాగ్ చూసే మనిషి ఉండాలి, లేదా మెయిల్ సెట్టింగ్ పెట్టుకోవాలి.

మన దేశంలో దీన్ని వాడేవాళ్లు తప్పక చూడాల్సింది టైమ్. అప్‌గ్రేడ్ టైమర్ పొద్దున ఆరింటికి, గంట లోపు ఎప్పుడైనా నడిచేలా ఉంటుంది. ఆరంటే ఎక్కడి ఆరు? క్లౌడ్‌లో ఇచ్చే ఉబుంటు మెషీన్ల గడియారం మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో మెషీన్ తీసుకున్నా అంతే. యూటీసీ ఆరు మనకు పదకొండున్నర. అంటే పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య, ఆఫీసుల్లో పని జోరుగా ఉన్నప్పుడు, మైఎస్‌క్యూఎల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి సర్వీస్ రీస్టార్ట్ అవుతుంది. ‘అప్పుడప్పుడూ మధ్యాహ్నం ముందు సైట్ ఒక్క క్షణం ఆగుతోంది, కారణం తెలియట్లేదు’ అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఇదే. టైమర్‌ని సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో మార్చుకోండి. కొత్త టైమ్ రాసే ముందు ఆన్‌క్యాలెండర్ అని ఒక ఖాళీ లైన్ పెట్టడం మరవకండి. అది లేకపోతే పాత టైమ్ పోదు, రెండు టైముల్లోనూ నడుస్తుంది.

కాలేజీ ల్యాబ్ మెషీన్లయితే ఇంకో సంగతి. రాత్రి ఆఫ్‌లో ఉండి టైమర్ తప్పిపోతే, ఆన్ చేశాక గంట లోపు నడుస్తుంది. పొద్దున్నే అరవై మెషీన్లు ఒకేసారి ఆన్ చేస్తే, ఆ గంటలోనే అన్నీ ఒకే నెట్ లైన్ మీద పడతాయి. అలాంటి చోట లోపలే ఒక మెషీన్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (ఒకసారి తెచ్చిన ప్యాకేజీలను దాచి మిగతావాటికి ఇచ్చేది) పెట్టుకుంటే, ఒక్కో ప్యాకేజ్ బయటి నుంచి ఒక్కసారే వస్తుంది.

ఇంకో పరిమితి ఏంటంటే, బయటి రిపోలను ఇది ముట్టుకోదు. డాకర్ వాళ్ల రిపో, పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపో లాంటివి మీరు కలిపి ఉంటే, అనుమతి జాబితాలో వాటి ఆరిజిన్ పేరు రాస్తేనే అప్‌డేట్ అవుతాయి. అంతా ఆటోమేటిక్ అనుకుని అసలు ముఖ్యమైన ప్యాకేజీనే వదిలేసిన సర్వర్లు నేను చూశాను. వద్దనుకున్న ప్యాకేజీలకు బ్లాక్‌లిస్ట్ ఉంది. మార్పులు చేశాక డ్రై-రన్, డీబగ్ ఆప్షన్లతో ఒకసారి నడిపి, ఏం వేస్తానంటోందో కళ్లారా చూడండి.

ఆన్సిబుల్

మైకేల్ డెహాన్ 2012లో మొదలుపెట్టిన టూల్, 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. అవతలి మెషీన్లలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి), పైథాన్ ఉంటే చాలు, ప్రత్యేకంగా ఏజెంట్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఆప్ట్ మాడ్యూల్‌లో ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ డిఫాల్ట్‌గానే ఉంటాయి. లాక్ కోసం 60 సెకన్లు ఆగడం కూడా అందులోనే ఉంది. పైన స్క్రిప్ట్ కోసం నేను చెప్పిన జవాబుల్లో సగం ఎవరో ముందే రాసిపెట్టారన్నమాట.

దీని అసలు బలం అప్‌డేట్లలో లేదు. ‘ఈ పది మెషీన్లలో ఈ ప్యాకేజీలు ఉండాలి, ఈ కాన్ఫిగ్ ఇలా ఉండాలి’ అని ఒకచోట రాసి, ఎన్నిసార్లు నడిపినా అదే స్థితికి తీసుకురావడంలో ఉంది. మెషీన్లు ఐదు దాటాయంటే షెల్ స్క్రిప్టులో ఇది చేయడం కష్టం. ఒకదానిలో ఏదో చేత్తో మారుస్తాం, రాసుకోం, మరిచిపోతాం. ‘సీరియల్’ అని పెట్టి ఒక్కో మెషీన్ అప్‌డేట్ చేయించి, ఒకటి పడిపోతే మిగతావాటి దగ్గరికి వెళ్లకుండా ఆపవచ్చు. లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచేది) వెనక సర్వర్లు ఉన్నవాళ్లకు ఇది ఒక్కటి చాలు ఆన్సిబుల్ నేర్చుకోవడానికి.

ప్యాకేజ్ స్టేట్ దగ్గర ‘లేటెస్ట్’ అని రాయడం మాత్రం తగ్గించండి, ‘ప్రెజెంట్’ చాలు. లేటెస్ట్ అంటే ఆ ప్లేబుక్ (ఆన్సిబుల్‌కి రాసిచ్చే పనుల ఫైల్) ఇవాళ నడిపితే ఒక వెర్షన్, వచ్చే నెల నడిపితే ఇంకో వెర్షన్. ఏదో చిన్న కాన్ఫిగ్ మార్చడానికి ప్లేబుక్ నడిపితే డేటాబేస్ వెర్షన్ మారిపోతుంది. అప్‌గ్రేడ్‌కి వేరే ప్లేబుక్ పెట్టుకుని, దాన్ని కావాలని నడపండి. అలాగని వెర్షన్ నంబర్ పూర్తిగా రాసేయడమూ చిక్కే. కొత్తది వచ్చాక ఉబుంటు రిపోలో పాత సెక్యూరిటీ వెర్షన్ ఉండదు, ఇన్‌స్టాల్ ఫెయిలవుతుంది. వెర్షన్ కదలకూడదంటే ఆప్ట్-మార్క్ హోల్డ్ వాడండి, ఎందుకు హోల్డ్ చేశారో పక్కన రాసిపెట్టుకోండి.

ఆన్సిబుల్ తనంతట తాను టైమ్‌కి నడవదు. ఎవరో నడపాలి, లేదా దాన్ని నడిపే ఇంకో ఏర్పాటు ఉండాలి. టీమ్‌లో ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్లేబుక్, ఆ మనిషి సంక్రాంతికి ఊరెళ్తే నడవదు. సెక్యూరిటీ అప్‌డేట్లను దీనికే వదిలేయవద్దని నేను చెప్పేది అందుకే.

మరి ఏది తీసుకోవాలి?

ఒకటి నుంచి మూడు సర్వర్లు, చూసుకునేది మీరొక్కరే అయితే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌ని ఉంచుకుని, టైమ్ మార్చి, మెయిల్ పెట్టుకోండి. స్క్రిప్ట్ రాయవద్దు. రాయాలనిపిస్తే బ్యాకప్‌కి, సైట్ బతికుందో లేదో చూడటానికి రాయండి, అక్కడ మీ శ్రమకు ఫలితం ఎక్కువ.

ఐదు దాటితే, లేదా ఇద్దరు మనుషులు చేయి పెడుతుంటే, ఆన్సిబుల్‌తో మెషీన్ల స్థితి, అన్‌అటెండెడ్‌తో సెక్యూరిటీ అప్‌డేట్లు. అన్‌అటెండెడ్ కాన్ఫిగ్ ఫైళ్లని కూడా ఆన్సిబులే అన్ని మెషీన్లలో పెడుతుంది. నేనిప్పుడు వాడుతున్నది ఇదే, ఈ రెంటికీ ఒకదానితో ఒకదానికి పోటీ లేదు.

అప్‌డేట్‌కి ముందు సర్వీస్ ఆపాలి, తర్వాత డేటా సరిచూడాలి లాంటి ప్రత్యేకమైన వరుస ఉన్న ఒకే ఒక్క మెషీన్ ఉంటే, దానికి సొంత స్క్రిప్ట్. అప్పుడు అదే మెషీన్‌లో అన్‌అటెండెడ్‌ని ఆపేయండి. రెండూ ఉంటే ఎప్పుడో ఒకరోజు లాక్ దగ్గర కొట్టుకుంటాయి. కంటైనర్లలో అయితే ఈ మూడూ వద్దు, ఇమేజ్‌ని (కంటైనర్‌కి మూసని) మళ్లీ బిల్డ్ చేయడమే దారి.

కొత్తది ఏది వచ్చినా ఆ రాత్రే వేసేయాలని కొందరంటారు. సెక్యూరిటీ అప్‌డేట్లకు నేనూ అదే అంటాను. మిగతావాటికి కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలో దొంగ ద్వారం ఉందని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటా అని తవ్వితే దొరికింది. ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్ దాకా వచ్చేశాయి, అందరూ వాడే స్టేబుల్‌లోకి రాలేదు. వాటి మీద ఉండి, అన్నీ లేటెస్ట్ లాగుకునే స్క్రిప్ట్ ఉన్నవాళ్లకు ఆ వారం నిద్ర లేదు.

రీస్టార్ట్ మాత్రం మిగిలే ఉంటుంది

ఏది ఎంచుకున్నా, ప్యాకేజ్ మారినంత మాత్రాన నడుస్తున్న ప్రోగ్రామ్ మారదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు అప్‌డేట్ వేస్తే సరిపోలేదు. అప్పటికే నడుస్తున్న వెబ్ సర్వర్ మెమరీలో పాత లైబ్రరీనే ఉంటుంది, దాన్ని రీస్టార్ట్ చేస్తేనే కొత్తది చేరుతుంది. ఉబుంటు 22.04లో ఈ పని చూసే నీడ్‌రీస్టార్ట్ ముందే ఉంటుంది, కానీ అదీ ప్రశ్న అడుగుతుంది. ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయమంటారని ఊదారంగు స్క్రీన్ మీద జాబితా చూపించి ఆగుతుంది. స్క్రిప్టులో నీడ్‌రీస్టార్ట్ మోడ్ వేరియబుల్‌ని ‘ఏ’ అని పెడితే అడగకుండా చేసేస్తుంది.

కెర్నల్‌కి రీబూట్ తప్పదు. అవసరమైనప్పుడు రన్ డైరెక్టరీలో ‘రీబూట్-రిక్వైర్డ్’ అనే ఫైల్ కనిపిస్తుంది. అన్‌అటెండెడ్‌లో ఆటోమేటిక్ రీబూట్ ఉంది గానీ డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేస్తే టైమ్ కూడా రాయండి, రాసేటప్పుడు గడియారం చూసుకోండి, యూటీసీ మెషీన్‌లో రాత్రి రెండు అంటే మనకు పొద్దున ఏడున్నర. డేటాబేస్ ఉన్న మెషీన్లకు నేను దాన్ని ఆన్ చేయను. ఆ ఫైల్ ఉందేమో ఆన్సిబుల్‌తో అన్నిటిలో వెతికి, ఆదివారం తెల్లవారుజామున టీ పక్కన పెట్టుకుని, ఒక్కోటీ రీబూట్ చేసి, అది పైకి వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చాకే ఇంకోదాని దగ్గరికి వెళ్తాను.